గుర్తు గీసే విద్య – గ్రాఫిక్ డిజైను, బ్రాండు, మన గొల్లభామ

వార్షికోత్సవ సంచికకు చదువులో పనికొచ్చే వ్యాసం ఒకటి కావాలని సంపాదకవర్గం వారు అడిగినప్పుడు మేము గ్రాఫిక్ డిజైను గురించి రాస్తామన్నాం. హాస్టల్లో ఏ తరగతిలో చూసినా నోటుబుక్కు చివరి పేజీల్లో బొమ్మలు గీసేవాళ్లు ఇద్దరు ముగ్గురైనా ఉంటారు. పేర్లు రకరకాల అక్షరాల్లో రాసి చూసుకునేవాళ్లు ఉంటారు. అదీ ఒక చదువేనని, దానికీ ప్రవేశ పరీక్షలు, కాలేజీలు, ఉద్యోగాలు ఉన్నాయని చెప్పేవాళ్లు మాత్రం తక్కువ. మా ఇళ్లలో డిగ్రీ దాకా వచ్చిన మొదటి తరం మేము. పీజీలో చేరాక, సాయంత్రాలు డీటీపీ సెంటరులో పనిచేస్తున్నామని చెబితే "డిజైనంటే ఏంది బిడ్డా, చీరల మీద పువ్వులా?" అని మా అమ్మ అడిగింది. ఆ మాటలో చాలా నిజం ఉంది. అందుకే ఈ పాఠం చీర దగ్గరికే పోతుంది.

ముందుగా మాటల అర్థం చూద్దాం. అక్షరాలను, బొమ్మలను, రంగులను ఒక పద్ధతిలో అమర్చి, చూసేవారికి విషయం త్వరగా తెలిసేలా చేయడమే గ్రాఫిక్ డిజైను. పెళ్లిపత్రిక, పుస్తకం అట్ట, మందుసీసా మీది లేబులు, బస్సు నుదుటి మీది ఊరి పేరు అన్నీ దాని కిందికే వస్తాయి. ఇక బ్రాండు. ఇంగ్లీషులో ఈ మాట 'కాల్చడం' అనే అర్థం నుంచి పుట్టింది. మందలో ఎవరి పశువు ఏదో తెలియడానికి ఎర్రగా కాల్చిన ఇనుముతో వేసే ముద్రను బ్రాండు అనేవారు. తర్వాత సరుకుల మీద వేసే గుర్తుకు, ఆ తర్వాత ఆ సరుకు మీద జనానికి ఉండే నమ్మకానికి కూడా అదే మాట వచ్చింది.

మన పల్లెల్లో ఈ పని చేసినవారు రజకులు. ఊరందరి బట్టలూ ఒకే రేవులో కలుస్తాయి. ఏది ఏ ఇంటిదో తెలియాలి. అందుకని నల్లజీడి గింజ రసంతో బట్ట మూలన ఒక గుర్తు పెట్టేవారు. ఒక ఇంటికి రెండు చుక్కలు, ఇంకో ఇంటికి అడ్డగీత, మరో ఇంటికి గీత మీద చుక్క. ఎన్నిసార్లు బండకేసి బాదినా ఆ నలుపు పోదు. అక్షరం ముక్క రాని అవ్వ కూడా ఊళ్లోని గుర్తులన్నీ మనసులోనే పెట్టుకునేది. చిన్నగా ఉండటం, ఒకే రంగులో పనిచేయడం, ఇంకోదానితో కలవకపోవడం, చెరగకపోవడం: మంచి లోగోకు కావాలని ఇప్పుడు పాఠాల్లో చెప్పే లక్షణాలన్నీ ఆ నల్లజీడి గుర్తులో ఉన్నాయి. 1951–52లో జరిగిన మొదటి సాధారణ ఎన్నికల్లో చదవడం రాని ఓటరు కోసం పార్టీలకు బొమ్మ గుర్తులు ఇచ్చింది కూడా ఇదే ఆలోచనతో.

విద్యార్థులు గీసిన గుర్తులు దేశాలు దాటిపోయిన సంగతులు కొన్ని ఉన్నాయి. మన ఇళ్లలో ఒకప్పుడు టీవీ పెట్టగానే తిరుగుతూ వచ్చి కన్నులా నిలిచే దూరదర్శన్ గుర్తును గీసిన దేవాశిష్ భట్టాచార్య అప్పుడు అహ్మదాబాదులోని జాతీయ డిజైన్ సంస్థలో విద్యార్థి. క్లాసులో అభ్యాసంగా ఇచ్చిన పని అది. 2010 జూలైలో కేంద్ర ప్రభుత్వం ఆమోదించిన రూపాయి గుర్తును గీసిన డి. ఉదయకుమార్ బొంబాయి ఐఐటీలో డిజైన్ మీద పరిశోధన చేసిన విద్యార్థి. దేవనాగరి 'ర'ను, రోమన్ 'ఆర్'ను కలిపి, పైన రెండు గీతలు పెట్టాడు. ఒక్క గీత కూడా ఎక్కువ లేదు, చాక్‌పీసుతో బోర్డు మీద ఎవరైనా వేయగలరు. అదే దాని గొప్పతనమని మా అభిప్రాయం.

ఫ్యాషన్ రంగంలో అందరికీ తెలిసిన కథ నైకీ బూట్లది. 1971లో అమెరికాలోని పోర్ట్‌లాండ్ స్టేట్ యూనివర్సిటీలో కరోలిన్ డేవిడ్సన్ అనే గ్రాఫిక్ డిజైన్ విద్యార్థిని ఉండేది. ఆయిల్ పెయింటింగ్ క్లాసులో చేరడానికి డబ్బుల్లేవని ఆమె అనుకోవడం అక్కడ అకౌంటింగ్ చెప్పే ఫిల్ నైట్ చెవిన పడింది. ఆయన తన బూట్ల కంపెనీ పనులు ఆమెకు ఇవ్వసాగాడు. అలా ఆమె గీసినదే ఆ వంపు గీత. ఆమె వేసిన బిల్లు 35 డాలర్లు. చూడగానే ఆయనకు అది పెద్దగా నచ్చలేదట కూడా. 1983లో కంపెనీ ఆమెను పిలిచి ఆ గుర్తున్న ఉంగరం, కొన్ని షేర్లు ఇచ్చింది. పన్నెండేళ్ల తర్వాతైనా గుర్తుంచుకున్నారు కాబట్టి సరిపోయింది. అందరూ గుర్తుంచుకోరు. ఆ సంగతి తర్వాత చెబుతాం.

ఇప్పుడు మన ఊరికి వద్దాం. సిద్దిపేట పేరు చెబితే చేనేత తెలిసినవారికి వెంటనే గుర్తుకొచ్చేది గొల్లభామ చీర. నూలు చీర మీద తలపై కుండ పెట్టుకుని నడిచే గొల్ల స్త్రీ బొమ్మ ఉంటుంది. ఆ బొమ్మ అచ్చుగుద్దింది కాదు, రంగు పూసింది కాదు, ఎంబ్రాయిడరీ కుట్టింది కాదు. మగ్గం మీద చీరతో పాటే పుడుతుంది. మామూలు నేతలో నిలువు పోగు పడుగు, అడ్డపోగు పేక. గొల్లభామ దగ్గరికి వచ్చేసరికి ఈ రెండూ కాక బొమ్మ వచ్చే చోట మాత్రమే వేరే రంగుల పేకలు అదనంగా వేస్తారు. బొమ్మ ఉన్నంత మేరా ప్రతి వరుసలో ఏ పడుగు పోగులు లేవాలో లెక్క ఉంటుంది. లెక్క ఒక్క పోగు తప్పితే భామ చేయి వంకరపోతుంది. అందుకే మామూలు చీర కన్నా దీనికి పట్టే రోజులు ఎక్కువ.

కంప్యూటర్ నేర్చుకునే తమ్ముళ్లు ఇక్కడ ఆగి గమనించాలి. పడుగు, పేక కలిసే ప్రతి చోటూ ఒక గడి. ఆ గడిలో రంగు ఉందా, లేదా అన్నదే ప్రశ్న. కంప్యూటర్ తెర మీద బొమ్మ కూడా ఇలాంటి గళ్లతోనే ఏర్పడుతుంది, వాటినే పిక్సెల్స్ అంటాం. ఇది పోలిక కోసం అన్న మాట కాదు. 1804 ప్రాంతంలో ఫ్రాన్సులో జోసెఫ్ మేరీ జకార్డ్ రంధ్రాలు కొట్టిన అట్టముక్కలతో మగ్గం మీద బొమ్మ వేసే పరికరాన్ని తెచ్చాడు. రంధ్రం ఉంటే పోగు లేస్తుంది, లేకపోతే లేవదు. ఇంగ్లండులో చార్లెస్ బాబేజ్ తాను కలగన్న లెక్కల యంత్రానికి ఆ అట్టముక్కల పద్ధతినే తీసుకున్నాడు. కంప్యూటర్ ల్యాబులో కూర్చున్నప్పుడు ఇది గుర్తుంటే మంచిది: మన పక్క వాడకట్టులో మగ్గం గుంటలో కూర్చున్న తాతది కూడా అదే లెక్క.

డిజైను కోణంలో చూస్తే గొల్లభామలో ఇంకో విశేషం ఉంది. చీరల మీద నెమళ్లు, హంసలు, మామిడి పిందెలు, గుడి గోపురాలు ఎక్కువగా కనిపిస్తాయి. పని చేసుకుని బతికే ఆడమనిషి చీర మీదికి ఎక్కడం అరుదు. ఎవరో ఒక నేతకారుడు తన ముంగిట నడిచిపోయే మనిషినే బొమ్మగా చూశాడు. ముక్కు, కళ్లు గీయలేదు, గళ్లలో అవి పట్టవు. తల మీది కుండ, నడుము వంపు, పాదాల దాకా దిగిన బట్ట చాలు అనుకున్నాడు. రంగు తీసేసి మొత్తం నల్లగా నింపినా ఆమె గొల్లభామే. డిజైనర్లు లోగోను పరీక్షించే పద్ధతి కూడా ఇదే: రంగు తీసేయాలి, గోరంత చేయాలి, అప్పుడూ గుర్తుపడితే అది నిలిచే గుర్తు.

మన జిల్లాలో ఇంకొక చిత్రవిద్య ఉంది. 2016లో జిల్లా ఏర్పడినప్పుడు చేర్యాల సిద్దిపేట జిల్లాలోకి వచ్చింది. అక్కడి నకాశీ కళాకారుల పటచిత్రాలు ఎర్రటి నేపథ్యం మీద కథను వరుసగా బొమ్మల్లో చెబుతాయి. కథ చెప్పేవారు పటం విప్పుతూ ఒక్కో కులానికి వారి పుట్టుక కథ చెప్పేవారు. పద్మశాలీలకు మార్కండేయ పురాణం, రజకులకు మడేలు పురాణం. మాదిగ వాడల్లో డక్కలివారు పటం పట్టి జాంబపురాణం చెప్పేవారు. చదువు మన వాడలకు రాని కాలంలో కూడా మన కథకు బొమ్మ ఉందన్నమాట. సిద్దిపేటకే చెందిన చిత్రకారుడు కాపు రాజయ్య (1925–2012) ఈ నకాశీ పద్ధతి నుంచి గీత తీసుకుని బోనాలను, బతుకమ్మను, పల్లె మనుషులను చిత్రించారు. లలిత కళా సమితి స్థాపించి ఈ ఊళ్లో కళాభిమానులను తయారుచేశారు. డిజైను నేర్చుకునేవారు ఫోన్‌లో విదేశీ బొమ్మలు చూడటం మంచిదే, ముందు వీటిని చూడాలి.

గొల్లభామను టీషర్టు మీద, బ్యాగు మీద అచ్చువేసి మన పేరుతో బ్రాండు పెట్టుకోవచ్చా అని జూనియర్లు అడుగుతున్నారు. ఇది తేలిక ప్రశ్న కాదు. భౌగోళిక గుర్తింపుల చట్టం 1999లో చేశారు, 2003 సెప్టెంబరు నుంచి అమల్లోకి వచ్చింది. మన రాష్ట్రంలో పోచంపల్లి ఇక్కత్, గద్వాల, నారాయణపేట చీరలు, చేర్యాల చిత్రాల లాగే సిద్దిపేట గొల్లభామకూ ఈ గుర్తింపు ఉంది. దీని ప్రకారం ఆ పేరు ఏ ఒక్కరి సొత్తూ కాదు, ఆ ప్రాంతంలో ఆ పద్ధతిలో నేసేవారందరిదీ. మిల్లు బట్ట మీద బొమ్మ అచ్చువేసి 'సిద్దిపేట గొల్లభామ' అని అమ్మితే అది వారి కూడు లాక్కోవడమే. ఇప్పటికే ఈ చీర నేసేవాళ్లు బాగా తగ్గిపోయారు. రోజుల తరబడి మగ్గం గుంటలో కూర్చుని నేసిన బొమ్మ, యంత్రం నిమిషంలో గుద్దిన బొమ్మ షాపు అద్దంలో పక్కపక్కనే వేలాడితే కొనేవారు ధర చూసి అచ్చుబొమ్మనే తీసుకుంటారు. కాబట్టి డిజైనరుకు ఇక్కడ చేతనైన పని వేరే ఉంది: నిజమైన చీరను గుర్తుపట్టేలా చేయడం.

అభ్యాసంగా మేము చేసిన పని అదే. చీరకు కట్టే అట్టముక్క లేబులు ఒకటి తయారుచేశాం. ముందు వైపు గొల్లభామ నల్లటి నీడబొమ్మ, కింద 'సిద్దిపేట' అన్న ఒక్క మాట. వెనుక వైపు నేసినవారి పేరు రాసే గీత, పట్టిన రోజులు రాసే గడి, నూలు వివరం, ఉతికే పద్ధతి. దాని పక్కన కొనేవారికి ఒక సూచన: 'చీర తిప్పి చూడండి, బొమ్మ పోగులు వెనుక కూడా కనిపిస్తాయి.' అచ్చుబట్టలో వెనుక రంగు వెలిసినట్టుంటుంది, పోగు తేలదు. మొదటి నమూనాలో పూలు, తీగలు, బంగారు రంగు చాలా పెట్టాం. ఒక పెద్దాయనకు చూపిస్తే లేబులును చీర మీద పెట్టి చూసి, "చీర కన్నా చిట్టే ఎక్కువ మెరుస్తాంది గదా" అన్నాడు. తీగలన్నీ తీసేశాం. 2006లో కేంద్రం తెచ్చిన చేనేత గుర్తు హ్యాండ్లూమ్ మార్కు, 2015 ఆగస్టు 7న మొదటి జాతీయ చేనేత దినోత్సవం నాడు ప్రారంభించిన ఇండియా హ్యాండ్లూమ్ బ్రాండు ముద్ర కూడా ఉన్నాయి. అవి నమోదు చేసుకున్నవారే వాడాలి కనుక వాటికి ఖాళీ చోటు వదిలాం.

తెలుగు అక్షరం గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే పోస్టర్లు పాడయ్యేది ఎక్కువగా ఇక్కడే. ఇంగ్లీషు అక్షరాలకు పైనా కిందా పెద్దగా ఏమీ అంటుకోదు. మనకు పైన గుడి, తలకట్టు, కింద ఒత్తు, ఒక్కోసారి ఒత్తు కింద ఒత్తు. ఇంగ్లీషుకు సరిపోయే వరుసల ఎడం తెలుగుకు పెడితే పై వరుస ఒత్తులు కింది వరుస గుడుల్లోకి దిగిపోతాయి. ఎడం పెంచాలి. ఫ్లెక్సీలో చోటు మిగిలిందని అక్షరాన్ని అడ్డంగా సాగదీయకూడదు, గుండ్రటి అక్షరం కోడిగుడ్డు అవుతుంది. చోటు మిగిలితే మిగలనివ్వాలి. ఖాళీ చోటు కూడా డిజైనులో భాగమే.

డీటీపీ సెంటర్లలో చాలాకాలం పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో పని నడిచింది, కొన్నిచోట్ల ఇప్పటికీ నడుస్తోంది. ఆ ఫైలును ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో తెరిస్తే అర్థంలేని గుర్తులు వస్తాయి. యూనికోడ్‌లో టైపు చేసినది ఫోన్‌లోనైనా, ఏ కంప్యూటర్‌లోనైనా తెలుగుగానే కనిపిస్తుంది. మల్లన్న, రామభద్ర, మండలి, సురన్న, పెద్దన వంటి యూనికోడ్ ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతాయి, వ్యాపార పనులకు కూడా వాడుకోవచ్చు. లోగో గీయడానికి ఇంక్‌స్కేప్, ఫోటోలు దిద్దడానికి గింప్ కూడా ఉచితమే. దొంగ సాఫ్ట్‌వేర్ కోసం వెతకాల్సిన పనిలేదు. లోగోను ఎప్పుడూ వెక్టర్ పద్ధతిలోనే గీయాలి. అందులో బొమ్మ గళ్లుగా కాక గీతల లెక్కగా ఉంటుంది, విజిటింగ్ కార్డు మీదా, గోడంత ఫ్లెక్సీ మీదా చెదరదు. తెర మీద రంగులు ఎరుపు, ఆకుపచ్చ, నీలం వెలుగులతో వస్తాయి, కాగితం మీద నాలుగు ఇంకులతో వస్తాయి. అందుకే తెర మీద నిప్పులా ఉన్న నారింజ రంగు అచ్చులో మట్టిరంగుకు తిరుగుతుంది. ప్రెస్సుకు పంపేముందు ఒక కాగితం తీయించి చూసుకోవాలి. కృత్రిమ మేధ చేత బొమ్మ గీయించేవారు అందులోని తెలుగు అక్షరాలను కూడబలుక్కుని చదవాలి, ఒత్తులు తరచూ తప్పుతుంటాయి.

ఈ మధ్య 'పర్సనల్ బ్రాండింగ్' అనే మాట ఎక్కువగా వినిపిస్తోంది. మనిషి తన పేరును, రూపాన్ని, పనిని ఒక పద్ధతిలో నలుగురికి కనబడేలా చేసుకోవడం అని దాని అర్థం. ఇది కొత్తదేమీ కాదు. హాస్టల్లో చేరిన రోజున ఇనుప పెట్టె మీద పెయింటుతో రాయించుకున్న పేరు, తరగతి, కంచం అంచున మేకుతో గీసుకున్న పొడి అక్షరాలు అవే కదా. బట్టల సంగతి మాత్రం వేరు. అందరికీ ఒకే తాను నుంచి కోసిన యూనిఫాం, భుజాలు జారి, చేతులు పొడుగై వచ్చేది. ఊళ్లోకి వెళితే ఆ చొక్కా చూసి "హాస్టల్ పోరగాళ్లు" అనేవారు. అదీ ఒక ముద్రే, మనం వేసుకున్నది కాదు, మన మీద వేసింది.

బట్ట మీద ముద్ర ఎలా ఉంటుందో బాబాసాహెబ్ అంబేద్కర్‌కు తెలిసినంతగా ఎవరికీ తెలియదు. 1927 డిసెంబరులో మహద్ సభలో ఆయన స్త్రీలతో ప్రత్యేకంగా మాట్లాడారు. చీర కట్టే తీరు, వేసుకునే ముతక నగలు చూసి మిమ్మల్ని అంటరానివారిగా గుర్తుపడుతున్నారు, ఆ గుర్తులు వదిలేయండి, మిగతావారిలా నిండుగా చీర కట్టండి, బట్ట ఎంత పాతదైనా శుభ్రంగా ఉండాలి అన్న అర్థంలో చెప్పారు. సభలోని స్త్రీలు కట్టు మార్చారు. అంతకు ఆరేళ్ల ముందు, 1921 సెప్టెంబరులో, మదురైలో గాంధీజీ పైబట్టలు వదిలి కొల్లాయికి మారారు. ఆయనకు వదులుకోవడానికి బట్టలున్నాయి. అంబేద్కర్ తొడుక్కోవలసి వచ్చింది. ఇద్దరూ బట్ట భాషలోనే మాట్లాడారు, చెప్పిన మాటలు వేరు. ఊరూరా విగ్రహాల్లో ఆ కోటు, చేతిలో పుస్తకం, చాచిన వేలు మారవు. 2023 ఏప్రిల్ 14న హైదరాబాదులో ఆవిష్కరించిన 125 అడుగుల విగ్రహంలోనూ ఆ కోటే. పేరు రాయకపోయినా పసిపిల్ల చెబుతుంది అది ఎవరో. మనకు తెలిసిన అతి బలమైన గుర్తు అదే.

కాబట్టి ఇంటర్వ్యూకు వెళ్లే తమ్ముడు ఖరీదైన చొక్కా కోసం అప్పు చేయనక్కరలేదు, కొలతకు కుట్టించిన చొక్కా చాలు. పేరు రాసేటప్పుడు అన్నిచోట్లా ఒకేలా రాయాలి: సర్టిఫికెట్‌లో ఒక స్పెల్లింగు, ఈమెయిల్‌లో ఇంకోటి ఉంటే ముందు ముందు చిక్కు. చేసిన పనులు పది పేజీల ఫైలుగా పెట్టుకోవాలి. దాన్ని పోర్ట్‌ఫోలియో అంటారు. అన్నీ పెట్టకూడదు, బాగా వచ్చినవే పెట్టాలి, ప్రతిదాని పక్కనా మొదటి పెన్సిలు గీతను కూడా చూపాలి. ఆ గీతే ఆలోచన మనదని చెబుతుంది.

డబ్బు సంగతి చెబుతామన్నాం. మా తోటివాడొకడు ఒక బట్టల షాపుకు లోగో గీసిచ్చాడు. 'పిల్లవాడివి, నేర్చుకుంటున్నావు, పేరొస్తుంది' అన్నారు. బోర్డు లేచింది, డబ్బులు రాలేదు. పని మొదలుపెట్టే ముందే ఎంత ఇస్తారు, ఎన్నిసార్లు మార్పులు చేయాలి అన్నది కాగితం మీదో, వాట్సాప్ మెసేజ్‌లోనో రాయించుకోవాలి. సగం ముందు తీసుకోవాలి. కాపీరైటు హక్కు ఇంకొకరికి బదిలీ కావాలంటే రాతపూర్వకంగా, సంతకంతో ఉండాలని 1957 నాటి కాపీరైటు చట్టం చెబుతోంది. సొంత బ్రాండు పెట్టుకునేవారు ట్రేడ్‌మార్కు నమోదు చేసుకోవచ్చు. దుస్తులకు 25వ తరగతి, బట్టల తానులకు 24వ తరగతి. వ్యక్తులకు ఆన్‌లైన్‌లో తరగతికి 4,500 రూపాయల ఫీజు. నమోదు పదేళ్లు ఉంటుంది, మళ్లీ పొడిగించుకోవచ్చు.

చదువు విషయానికొస్తే, హైదరాబాదులోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయంలో ఇంటర్ తర్వాత బీఎఫ్ఏ కోర్సులున్నాయి. గ్రాఫిక్ డిజైనుకు దగ్గరిది అప్లయిడ్ ఆర్ట్. 1995 నుంచి హైదరాబాదులో నిఫ్ట్ ఉంది, ఫ్యాషన్ చదువుకు అది ముఖ్యం. కంది దగ్గరి ఐఐటీలో డిజైన్ డిగ్రీకి యూసీడ్ అనే పరీక్ష రాయాలి. దీనికి ఇంటర్‌లో ఎంపీసీయే ఉండాలన్న నియమం లేదు, ఏ గ్రూపువారైనా రాయవచ్చు. నిఫ్ట్, ఎన్ఐడీల ఫీజు చూసి భయపడతారు. ఎస్సీ విద్యార్థులకు కేంద్రం టాప్ క్లాస్ స్కాలర్‌షిప్ అని ఒకటి ఇస్తుంది. కుటుంబ ఆదాయం 8 లక్షల లోపు ఉంటే దరఖాస్తు చేసుకోవచ్చు, నోటిఫై చేసిన సంస్థల జాబితాలో ఇలాంటివి కూడా ఉన్నాయి. సీట్లు పరిమితం కాబట్టి చేరిన వెంటనే కాలేజీ ఆఫీసులో అడగాలి. కులం, ఆదాయం సర్టిఫికెట్లు ఇంటర్ రెండో సంవత్సరంలోనే తీసి పెట్టుకోవడం మేలు.

చివరగా ఒక అభ్యాసం. గ్రాఫు కాగితం మీద 32 గళ్ల వెడల్పు, 48 గళ్ల ఎత్తు పెట్టెను గీయండి. మీ వాడలో రోజూ చూసే ఒక మనిషిని ఎంచుకోండి: వరినాటు వేసే చిన్నమ్మ, డప్పు కొట్టే మామ, హాస్టల్ వంట అక్క, ఎవరైనా సరే. ముక్కు కళ్లు లేకుండా, గళ్లు పూర్తిగా నింపుతూ, సగం గడి వాడకుండా ఆ మనిషి తెలిసేలా వేయండి. పక్క గదివాళ్లకు పేరు చెప్పకుండా చూపించండి. ముగ్గురిలో ఇద్దరు గుర్తుపడితే కాగితం వెనుక మీ పేరు, తరగతి రాసి వార్డెన్ సారు దగ్గర ఇవ్వండి. వచ్చే సంచిక అట్ట కోసం వాటిలోంచే ఎంచుతాం.